మా అక్క చప్పిడి పత్యం

మా అక్కను మొదటిసారి ఆస్పత్రిలో చేర్పించిన రోజు నర్సు ఆమె పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. నొక్కినచోట గుంట పడింది. వేలు తీసిన తర్వాత కూడా ఆ గుంట అలాగే ఉండి, చాలాసేపటికి మెల్లగా పూడింది. అక్క మంచం మీద నుంచి తల ఎత్తి, అది ఇంకెవరి కాలో అన్నట్టు చూసింది. కోయిలకుంట్ల నుంచి కర్నూలుకు కారులో వచ్చేసరికే ఆమెకు ఒక మాట పూర్తిగా చెప్పే శక్తి లేకుండా పోయింది. మధ్యలో ఆగి ఊపిరి తెచ్చుకుంటోంది. రెండు నెలలుగా మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుని, దాదాపు కూర్చునే నిద్రపోతున్నానని అప్పుడు చెప్పింది. అంతకుముందు ఫోను చేసినప్పుడల్లా బాగున్నాననే అంది. నేనూ సరేనని పెట్టేసేవాణ్ణి.

గుండె బలం తగ్గిందని, రక్తాన్ని తోయాల్సినంత తోయలేకపోతోందని, అందుకే ఒంట్లో నీరు నిలుస్తోందని డాక్టరమ్మ చెప్పింది. చిన్న వయసు. అయినా ఎక్కడా విసుక్కోలేదు. మాత్రలు తాను రాస్తానని, ఉప్పు మాత్రం ఇంట్లోవాళ్ళే చూసుకోవాలని అంది. ఉప్పు ఒంట్లోకి వెళ్తే నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి రోజంతా తినేవన్నీ కలిపి ముప్పావు టీచెంచాకు మించకూడదు. తాగే నీళ్ళు కూడా ఇంతే అని ఉంటుంది. రోజూ పొద్దున్నే, కడుపులో ఏమీ పడకముందే బరువు చూడాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు చేయడం కాదు, నీరు చేరడం. వెంటనే తీసుకురావాలి.

ఇవన్నీ విని అక్క ఒక్కటే అడిగింది.

"మా ఇంటికి ఎప్పుడు పోవచ్చమ్మా?"

మూడు నెలలు నీరు చేరకుండా గడిస్తే అప్పుడు చూద్దామంది డాక్టరమ్మ. అంతవరకు ఎవరో ఒకరు దగ్గరుండి కనిపెట్టుకోవాలి. ఆ తర్వాత కూడా ఒంటరిగా ఉండగలదో లేదో అప్పటి పరిస్థితిని బట్టి చెప్తానంది. అక్కకు పిల్లల్లేరు. మా బావ పోయి ఎనిమిదేళ్ళయింది. కోయిలకుంట్ల బజారులో వాళ్ళది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. బావ బతికున్నప్పుడూ సగం వ్యాపారం ఆమే చూసేది. ఆయన పోయాక రెండేళ్ళు ఒక్కతే నడిపి, మోకాళ్ళు సహకరించక ముందు గదిని ఒక దర్జీకి ఇచ్చింది. అయినా పొద్దున తలుపు తీసి అరుగు మీద కూర్చుంటే ఊళ్ళో సగం మంది ఆమెను పలకరించే పోతారు. ఆ అరుగు వదిలి మా ఇంట్లో, మూడో అంతస్తులో, ఎదురుగా ఇంకొకరి నీళ్ళ ట్యాంకు కనిపించే గదిలో ఉండటం ఆమెకు ఏమాత్రం ఇష్టం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆమెను మళ్ళీ ఒంటరిగా పంపడం నాకిష్టం లేదు. మూడు నెలల తర్వాత డాక్టరమ్మ ఏం చెప్పినా సరే, ఇంక ఇక్కడే ఉంచుకోవాలని నేను మనసులో అనుకునే ఉన్నాను. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.

నేను ముప్పై ఏళ్ళు పైగా పత్రికలో పనిచేశాను. మొదట కడపలో, తర్వాత ఎక్కువ కాలం కర్నూలులో. చివరి కొన్నేళ్ళు ఆదివారం వచ్చే ఆరోగ్య పేజీ నా బల్ల మీదుగానే పోయేది. ఉప్పు గురించి ఎన్నిసార్లు పెట్టి ఉంటామో గుర్తులేదు. ఒక డాక్టరు వ్యాసం, పక్కన ఒక పెట్టె, అందులో ఐదు సూచనలు. ఊరగాయలు తగ్గించండి, అప్పడాలు మానండి, వండేటప్పుడు సగమే వేయండి. పేజీలో జాగా మిగిలితే ఆరో సూచన కూడా రాసేవాణ్ణి. నాకే బీపీ వచ్చి పదిహేనేళ్ళవుతోంది. ఆ పెట్టెలో రాసినవి ఏవీ మా ఇంట్లో ఏనాడూ పాటించలేదు. మాత్ర వేసుకుని ఊరగాయతోనే తినేవాణ్ణి.

అక్క వచ్చాక ఆ పెట్టెలోని సూచనలు ఒక వంటగదిలో అమలు చేయడమంటే ఏమిటో తెలిసింది. మా వైపు వంటలో ఉప్పు ఒక్కచోట ఉండదు. జొన్నరొట్టెలో వేయరు. చూడటానికి అది చప్పిడి తిండే. కానీ రొట్టెను ఒట్టిగా ఎవరు తింటారు? పక్కన వెర్రినువ్వులు దంచిన గురెళ్ళ కారం ఉంటుంది. రోట్లో నూరిన వేరుశనగ పచ్చడి, మా చెనిక్కాయల ఊరిబిండి ఉంటుంది. నంజుకోడానికి మజ్జిగ మిరపకాయలు. పప్పు ఎనిపేటప్పుడు చేతికొచ్చినంత ఉప్పుగల్లు. చివర మజ్జిగన్నంలో మళ్ళీ ఇంకో గల్లు. ఒకటి తీసేస్తే దాని తోడుది తినబుద్ధి కాదు. అలా ఒక్కొక్కటీ అటక మీదకు పోయాయి.

మొదటి వారం మా ఆవిడ అక్కకు వేరే, మాకు వేరే వండింది. రెండో వారానికి తనవల్ల కాదని తేల్చి చెప్పింది. అందరికీ చప్పిడిగానే వండుతానని, కావాల్సినవాళ్ళు పళ్ళెంలో ఉప్పు వేసుకోవచ్చని అంది. అలా నాలుగు రోజులు జరిగింది. నేను ఉప్పు గిన్నె వైపు చేయి చాచినప్పుడల్లా అక్క తన పళ్ళెం వైపు చూసుకునేది. ఐదో రోజు ఉప్పు గిన్నె లోపల పెట్టేయమన్నాను. అప్పటి నుంచి ముగ్గురిదీ అదే తిండి. భోజనం ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఇంకొంచెం వేయమని ఎవరూ అడిగేవారు కాదు.

"ఇది తినేదానికంటే సెలైను పెట్టించుకునేది మేలు కదప్పా" అని అక్క ఒకరోజు అంది. "దానిలోనన్నా ఉప్పు ఉంటాదంట."

మందుల షాపులో సోడియం తక్కువ ఉండే ఉప్పు దొరుకుతుందని ఎవరో చెబితే ఒక ప్యాకెట్టు తెచ్చాను. దారి దొరికిందనుకున్నాను. అడగకుండా వాడటం ఎందుకని డాక్టరమ్మకు ఫోను చేస్తే, అది ముట్టుకోవద్దంది. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. అక్క వేసుకునే మాత్రలతో అది ఒంట్లో పేరుకుంటే గుండె లయే తప్పుతుందట. ప్యాకెట్టు చెత్తబుట్టలో వేశాను. బయట కొనే ప్రతిదాని వెనకా కళ్ళద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. బ్రెడ్డులో ఉంది. బిస్కెట్లలో ఉంది, తియ్యటి వాటిలో కూడా. కడుపు ఉబ్బరానికి అక్క అలవాటుగా నీళ్ళలో కలుపుకుని తాగే పొడిలో అన్నిటికంటే ఎక్కువ ఉంది. ఒక్కొక్కటీ కనిపెట్టి మాన్పించినప్పుడు వార్త దొరికినట్టే సంతోషించేవాణ్ణి. ఆమెకు ఇంకొకటి పోయేది.

అప్పటికి ఎండలు ముదిరాయి. చెమట కారిపోయే ఈ కాలంలో ఉప్పు మానేస్తే మనిషి పడిపోతాడని, ఉప్పేసిన మజ్జిగ ఇవ్వమని అపార్టుమెంటులో కనిపించిన ప్రతివాళ్ళూ సలహా ఇచ్చారు. వాళ్ళందరికీ డాక్టరు చెప్పింది చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

మూడు వారాలు బరువు యాభై ఎనిమిది దగ్గర నిలబడింది. కాళ్ళ వాపు తీసింది. అక్క రెండు దిండ్లతో పడుకోగలిగింది. కానీ తిండి బాగా తగ్గింది. పొద్దున ఇడ్లీ ముందు పెడితే ఒకటి తిని లేచేది. ఆ బలహీనత చూసి నేనే బొరుగులు, అంటే మరమరాలు, తెచ్చాను. మా కర్నూలు వైపు జ్వరం వచ్చి లేచినవాళ్ళకు, నోరు సహించనివాళ్ళకు, అరగనివాళ్ళకు ముందు పెట్టేది బొరుగులే. వాటికి ఒక రుచి అంటూ లేదని, గాలితో సమానమని, ఎంత తిన్నా ఏమీ కాదని చిన్నప్పటి నుంచి విన్నాం. సంచి మీద ముద్రించిన అక్షరం ఒక్కటి ఉండదు కాబట్టి చదవాల్సిందీ ఏమీ లేదు. సాయంత్రం నాలుగింటికి ఒక పెద్ద గిన్నెడు బొరుగుల్లో ఎర్రగడ్డ ముక్కలు, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండి ఇచ్చేది మా ఆవిడ. ఉప్పు వేయలేదు. అక్క గిన్నె అడుగు దాకా తినేది. అది చూసి పొద్దున కూడా టిఫిను బదులు ఉగ్గాని చేయడం మొదలుపెట్టింది. బొరుగులు నీళ్ళలో తడిపి, పిండి, తిరగవాత పెట్టి, పుట్నాల పొడి చల్లి. అందులోనూ ఉప్పు వేయలేదు.

"ఈ ఇంట్లో రుచి ఉండేది ఈ బొరుగులకొకదానికే" అంది అక్క ఒకసారి, వేళ్ళు నాక్కుంటూ.

మా ఆవిడ మూతి ముడుచుకుంది. నేను నవ్వాను. ఎత్తిపొడుపు అనుకున్నాను తప్ప, నెలరోజులుగా ఉప్పు తగలని నాలుక చెప్తున్న మాట అని తోచలేదు. నేనూ అదే తిండి తింటున్నాను. నాకు కూడా బొరుగులు బాగున్నట్టే అనిపించాయి. ఆకలేమో అనుకున్నాను.

నాలుగో వారం చివర బరువు యాభై తొమ్మిది చూపించింది. మరో రెండు రోజులకు యాభై తొమ్మిదిన్నర. పాదాల మీద చెప్పు పట్టీ అచ్చు పడటం మొదలైంది. డాక్టరమ్మ ఫోనులో మాత్ర పెంచింది. ఏమైనా ఉప్పగా తింటున్నారేమో చూడమంది.

ఆ మాట నా బుర్రలో పడింది. పదిరోజుల కిందటే మా ఆవిడ మామిడికాయ ఊరగాయ పెట్టింది. మేం తినకపోయినా వచ్చేపోయేవాళ్ళకు ఏడాదంతా ఉండాలి కదా అని చిన్న జాడీలో పెట్టి, గుడ్డ కట్టి, వంటగది పై అరలో ఉంచింది. నేను కుర్చీ వేసుకుని ఎక్కి జాడీ మూత తీసి చూశాను. తగ్గినట్టు అనిపించింది. ఎంత ఉండేదో నాకు సరిగ్గా తెలియదు. అయినా తగ్గిందనే అనుకున్నాను.

మర్నాడు అక్క స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె గదిలోకి పోయి గుడ్డసంచి తీశాను. రెండు చీరలు, రవికలు, పాత కళ్ళద్దాల పెట్టె, ఇంటి తాళాలు, బావ ఫోటో ఒకటి. తాళాల గుత్తిని కర్చీఫులో చుట్టి పెట్టుకుంది. దిండు కింద చూశాను. మందుల డబ్బా విప్పి చూశాను. ఏమీ దొరకలేదు. అన్నీ ఉన్నట్టే సర్ది పెట్టాననుకుని బయటికి వచ్చాను. పత్రికలో కొత్తగా చేరిన విలేకరి ఆధారం లేకుండా వార్త రాసుకొస్తే చించి పారేసేవాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం నేనే ఆ పని చేశాను.

భోజనం దగ్గర అడిగాను. ఊరగాయ ఏమన్నా తింటున్నావా అక్కా అని. లేదంది. చాటుగా ఏమన్నా తింటున్నావా అన్నాను. ఆమె చేయి కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

"తినింటే తిన్నాననే చెప్తాను. నీకు భయపడి దాచేదానికి నువ్వేమన్నా మా అత్తవా?"

మరి బరువు ఎలా పెరుగుతోందన్నాను. నా గొంతు పెరిగిందని మా ఆవిడ ముఖం చూశాక తెలిసింది. అక్క గొంతు పెరగలేదు.

"పొద్దున నా సంచి చూస్తివి కదా. ఏం దొరికిందప్పా?"

నేను పళ్ళెంలో అన్నం కెలికాను.

"చీర మడత నలభై ఏళ్ళుగా ఒకటే తీరు పెడతాండా. నువ్వు పెట్టిన మడత నాకు తెల్దా?" అని లేచి, గోడ పట్టుకుని నడుస్తూ తన గదిలోకి పోయింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మా ఆవిడతో అవసరమైనంత వరకే. పొద్దున వచ్చి బరువు చూసే యంత్రం ఎక్కేది. నేను వంగి అంకె చూసేవాణ్ణి. దిగి వెళ్ళిపోయేది. సాయంత్రం నాలుగింటికి గిన్నె ముందు పెడితే బొరుగులు మాత్రం తినేది. మాట్లాడకపోయినా అదొక్కటీ వద్దనడం లేదు కదా అని, మా ఆవిడ ఇంకో గుప్పెడు ఎక్కువే పోసేది. మూడో రోజుకు అంకె అరవై ఒకటి చూపించింది. ఆమె పడుకోగానే గదిలోంచి దగ్గు వినిపించడం మొదలైంది. మళ్ళీ ఆస్పత్రిలో చేర్పించాం.

ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు మా ఆవిడ నేల చూస్తూ చెప్పింది. జాడీలో ఊరగాయ తింటోంది తనేనట. వంట అయ్యాక, మమ్మల్ని పిలవకముందు, పొయ్యి దగ్గర నిలబడే ఒక ముద్ద కలుపుకుని తినేసేదట. ఆ చప్పిడి కూడు తనకు గొంతు దిగడం లేదని, మా ముందు తినడానికి మనసొప్పలేదని చెప్పింది. అక్కను నేను నిలదీసిన రోజే చెప్పాల్సిందని, అప్పుడు నోరు రాలేదని కూడా అంది. ఆమెను ఏమైనా అనడానికి నాకు ముఖం లేదు. ఓపిక అంతకంటే లేదు.

కానీ ఊరగాయ అక్క తినకపోతే నీరు ఎందుకు చేరిందన్నది అలాగే మిగిలింది. డాక్టరమ్మ సూదిమందులతో నీరు తీయిస్తోంది. రెండు రోజులకు అక్కకు కొంచెం తెరిపిగా ఉండి, ఆస్పత్రి జావ తాగలేక బొరుగులు తెమ్మని మా ఆవిడకు చెప్పింది. నాకు కాదు. నేను మామూలుగా కొనే అంగడి ఆ రోజు మూసి ఉంది. పాతబస్తీలో నదివైపు బొరుగుల బట్టీలున్నాయి కదా, వేడివి తెద్దామని పొద్దున్నే అటు పోయాను.

ఆ బట్టీలు నాకు కొత్త కాదు. కర్నూలు ఆఫీసుకు వచ్చిన కొత్తలో వాటి మీద అరపేజీ కథనం రాశాను. ఊక మంట, పొగకు ఎర్రబడే కళ్ళు, ఇసుక వేడికి బొబ్బలెక్కే చేతులు, అన్నీ రాశాను. ఇప్పుడు కూడా పని అలాగే ఉంది. ఎండ ఎక్కకముందే మొదలుపెట్టి ముగించేస్తారు. పెద్ద ఇనుప పెనంలో ఇసుక కాగుతోంది. అందులో బియ్యం పోస్తే లెక్కపెట్టేలోగా పొంగి తెల్లగా పైకి లేస్తున్నాయి. జల్లెడలో వేసి ఆడిస్తే ఇసుక కిందికి, బొరుగులు పైకి. బట్టీ నడిపే ఆయన నా వయసువాడే. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆయన పక్కన తొట్టిలో నీళ్ళున్నాయి. పెనంలో పోయబోయే బియ్యానికి ఆ నీళ్ళు పట్టించి, ఆరబోసి, తర్వాత పొయ్యి దగ్గరికి తెస్తున్నారు. అవేం నీళ్ళని అడిగాను. ఆ ప్రశ్న ముప్పై ఏళ్ళ కింద అడిగి ఉండాల్సింది. అప్పుడూ ఆ తొట్టి చూశాను. తడపడానికి నీళ్ళు అనుకుని ఊరుకున్నాను.

"ఉప్పు నీళ్ళు సార్" అన్నాడు. "ఉప్పు పట్టీకపోతే గింజ ఇంత లావు పొంగదు. మా తాతల కాలం నుంచి ఇంతే."

ఎంత వేస్తారని అడిగాను. చేతి అంచనాయేనని, బియ్యం పాతవైతే కొంచెం ఎక్కువ, కొత్తవైతే తక్కువని చెప్పాడు. వేడి బొరుగులు గుప్పెడు నా చేతిలో పోశాడు. నోట్లో వేసుకున్నాను. అప్పుడు తెలిసింది. స్పష్టంగా ఉప్పగా ఉన్నాయి. ఎన్ని వందలసార్లు తిన్నానో వాటిని. పక్కన ఎప్పుడూ మిరపకాయ బజ్జీ ఉండేది కాబట్టి చప్పగానే అనిపించేవి.

ఉప్పు పట్టించకుండా ఒక సంచి చేసిస్తారా అని అడిగాను. చేయొచ్చుగానీ చిన్నగా, గట్టిగా వస్తాయని, ఎవరూ కొనరని అన్నాడు. ఎవరికి సార్ అని అడిగాడు. మా అక్కకు అన్నాను. ఖాళీ చేతులతో ఆస్పత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మకు ముందు చెప్పాను. ఆమెకు కూడా ఈ సంగతి తెలియదు. ఇంత నీరు బొరుగులవల్లే చేరిందని తాను చెప్పలేనని, గుండె ఉన్న స్థితికి ఏమీ తినకపోయినా ఒక్కోసారి ఇలా జరుగుతుందని, అయినా అవి ఆపేయడం మంచిదని అంది. నాకు ఒక కారణం, ఒక శీర్షిక కావాలి. ఆమె అది ఇవ్వలేదు.

తర్వాత అక్క మంచం దగ్గర కూర్చున్నాను. బొరుగుల్లో ఉప్పు ఉందని, అవి ఇంటికి మోసుకొచ్చింది నేనేనని, నిన్ను అనవసరంగా అన్నానని చెప్పాను. ఆమె కిటికీ వైపు చూస్తూ వింది.

"బొరుగుల సంగతి నీకేం తెల్సు, నాకేం తెల్సు. అంగట్లో ఇన్నేళ్ళు మూటలు మూటలు అమ్మినా. నాకే తెల్దు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నేను తినలేదని చెప్పినా కదా. ఆ మాట చాలకపాయెనా నీకు?"

భయమేసింది అక్కా అన్నాను. అది నిజమే. కానీ ఆమె అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె చేయి చాచి నీళ్ళ గ్లాసు అడిగింది. ఇచ్చాను. ఆ రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలన్న లెక్క గుర్తొచ్చి నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. రెండు గుక్కలు తాగి ఆమే పక్కన పెట్టేసింది.

ఇంటికి పంపే రోజు అక్క డాక్టరమ్మను మళ్ళీ అదే అడిగింది. మూడు నెలలు కాలేదు, మధ్యలో మళ్ళీ చేరాల్సి వచ్చింది, అడగడానికే లేదు. అయినా అడిగింది.

"ఊళ్ళో ఎవరు చూస్తారమ్మా మిమ్మల్ని?" అంది డాక్టరమ్మ.

"నేనే చూసుకుంటా. ఇన్నాళ్ళు వీళ్ళిద్దరూ చూసిరి కదా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని నా వైపు తిరిగింది. ఒంటరిగా ఉండగలరా, మీరేమంటారు అని అడిగింది. అక్క నా వైపు చూడలేదు. దుప్పటి అంచు సరిచేసుకుంటోంది. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. మోకాళ్ళు, దూరం, ఆమె వయసు, మూడు దిండ్లు, బాగున్నానని ఫోనులో చెప్పిన అబద్ధాలు. నేను వద్దంటే డాక్టరమ్మ కూడా వద్దంటుంది. అప్పుడు అక్క ఇంకేమీ అనదు, మా మూడో అంతస్తుకు వచ్చి ట్యాంకు చూస్తూ కూర్చుంటుంది.

ఉండగలదని చెప్పాను.

డాక్టరమ్మ షరతులు చెప్పింది. పొద్దున ఏడింటికి బరువు చూసి నాకు ఫోనులో అంకె చెప్పాలి. కిలో పెరిగితే ఒంట్లో నీరు తీసే మాత్ర ఇంకో అర వేసుకోవాలి. రెండు కిలోలైతే, ఊపిరి ఆడకపోతే, అడగాల్సిన పనిలేదు, బయల్దేరి రావాలి. అక్క అన్నిటికీ తలూపింది.

కోయిలకుంట్లలో దింపిన రోజు నేను అక్కడే భోంచేశాను. ఆమె రొట్టె చేసింది. వంకాయ, ఎండుమిర్చి, చింతపండు వేసి పులుసు పెట్టింది. వండటానికి ముందు సామాన్ల గదిలోకి పోయి, అంగడి నాటి చిన్న తక్కెడ తీసుకొచ్చింది. బావ ఏలకులు, లవంగాలు తూచే తక్కెడ అది. డాక్టరు చెప్పిన చెంచా కొలతకు సరిపడా ఉప్పు అందులో తూచి, పాత మందు సీసా మూతలో పోసి పొయ్యి గట్టు మీద పెట్టింది. రోజూ పొద్దున ఇలా తూచిపెట్టుకుంటుందట. అది అయిపోతే ఆ రోజుకు అంతే. పులుసులో అందులోంచి ఒక చిటికెడు వేసింది. మిగిలింది మజ్జిగలోకి అట్టిపెట్టుకుంది.

ఇదే పని మా ఇంట్లో చేయమని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ ఇంట్లో ఉప్పు మీ చేతిలో ఉండె. నన్నెవరడిగిరి? ఈడ నా చేతిలో ఉంటాది."

పులుసు బాగుంది. ఆకలేసి కాదు. ఎందుకు బాగుందో నాకిప్పుడు కొంచెం తెలుసు. ఆమె ఇంకో రొట్టె వేయనా అంటే వేయమన్నాను.

ఇది జరిగి ఐదు నెలలు. రోజూ ఏడింటికి ఫోను వస్తుంది. అంకె చెప్తుంది. సరే అంటాను. కొన్నిసార్లు అంతే మాట్లాడి పెట్టేస్తాం. మా ఇంట్లో ఉప్పు మళ్ళీ కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. మజ్జిగ మిరపకాయలు మాత్రం అటక దిగాయి. నేను వాటిని చూసి పక్కకు జరుపుతాను, నాలుగు రోజులకొకసారి జరపను. పత్యం అనేది ఒకసారి చేసి ముగించే పని కాదు. రోజూ పొద్దున మళ్ళీ మొదటికొస్తుంది. ఆ అలసట గురించి మా పేజీలోని పెట్టెలో ఏనాడూ రాయలేదు.

పోయిన వారం ఒకరోజు ఫోనులో యాభై తొమ్మిదిన్నర అంది. అంతకుముందు రోజు యాభై ఎనిమిదిన్నర. రెండు కాదు, ఒక్క కిలోనే అని మనసులో లెక్క వేసుకున్నాను.

"అర మాత్ర ఎక్కువ వేసుకున్నా. ఊపిరి బాగుండాది. రేపు చెప్తా" అంది.

నిన్న ఏం తిన్నావు అన్న మాట నా నాలుక చివర ఉంది. ఊళ్ళో పెళ్ళిళ్ళ రోజులు. పక్కింటివాళ్ళు పళ్ళెంలో పెట్టి పంపి ఉండొచ్చు. తినకపోయినా పెరిగి ఉండొచ్చు. ఆమె కూడా ఫోను పట్టుకునే ఉంది. నేను అడుగుతానని ఎదురుచూస్తోందనిపించింది. సరే అక్కా అని పెట్టేశాను.

ఏం తినిందంట అని మా ఆవిడ వంటగదిలోంచి అడిగింది. అడగలేదన్నాను.

మర్నాడు ఏడైంది, ఫోను రాలేదు. ఏడుంపావైంది. కారు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టాను. ఫోను చేయలేదు. ఏడున్నరకు ఆమే చేసింది.

"యాభై తొమ్మిది" అంది. "దర్జీ వచ్చి మాటల్లో పెట్టినాడు, అందుకే లేటు."

సరే అక్కా అన్నాను.